స్టీరింగ్ మళ్ళీ మామూలైంది కదా అని ట్రిప్పు ఎత్తుకోకు, తమ్ముడూ

ప్రశ్న: అన్నా, మాది మదనపల్లె. ఏడేళ్లుగా బెంగళూరులో క్యాబ్ నడుపుతున్నాను, రామమూర్తినగర్‌లో ఉంటాను. రెండేళ్ల నాలుగు నెలల కిందట లోను మీద ఎలక్ట్రిక్ కారు తీసుకున్నా. నేనే నడుపుకుంటా, ఎక్కువగా ఎయిర్‌పోర్టు డ్యూటీలు. ఇప్పటికి 1,31,000 కిలోమీటర్లు తిరిగింది. నాలుగు నెలల కిందట హెణ్ణూరులో ఒక అపార్ట్‌మెంట్ బేస్‌మెంట్ ర్యాంపు మీద మలుపు తిప్పుతుంటే స్టీరింగ్ ఒక్కసారిగా రాయిలా బిగుసుకుంది. డాష్‌బోర్డులో స్టీరింగ్ గుర్తు ఎర్రగా వెలిగింది. ఆఫ్ చేసి ఆన్ చేస్తే మామూలైంది. సర్వీసుకు ఇచ్చినప్పుడు చెప్తే "రీస్టార్ట్ చేస్తే పోతుంది, టెన్షన్ పడొద్దు" అన్నారు. తర్వాత ఇంకో రెండుసార్లు వచ్చింది. మొన్న రాత్రి వానలో హెబ్బాళ ఫ్లైఓవర్ దిగుతుంటే మళ్ళీ అదే. వెనక సీట్లో ముసలి దంపతులు. నాకు చెమటలు పట్టాయి. ఇప్పుడు సర్వీస్ సెంటర్‌లో స్టీరింగ్ కాలమ్, అంటే చక్రం కింది కడ్డీ, దాని మోటారు అంతా కలిపి మార్చాలి, 74,000 అవుతుంది, పార్టు రావడానికి మూడు వారాలు అంటున్నారు. వారంటీ 1,25,000 కిలోమీటర్లకే అయిపోయిందట. బయటి మెకానిక్ చిన్న బ్యాటరీ మారిస్తే చాలంటాడు. మా నాయన ముప్పై ఏళ్లు లారీ తోలాడు, "మా కాలంలో పవర్ స్టీరింగే లేదు, నీ చేతుల్లో బలం లేదా" అంటాడు. కిస్తీ ఆగదు. పార్టు వచ్చేదాకా జాగ్రత్తగా నడపొచ్చా? ఎవరి మాట నమ్మాలి? వచ్చే నెల మొదట్లో నా భార్యను, రెండు నెలల బిడ్డను ఊరి నుంచి తీసుకురావాలి.
ఒక క్యాబ్ డ్రైవర్, బెంగళూరు

జవాబు: తమ్ముడూ, జాగ్రత్తగా నడపొచ్చా అన్నావు. ముందు దానికే జవాబు చెప్తాను. నడపొద్దు. ప్యాసింజర్‌ని ఎక్కించుకుని అసలే వద్దు. బండి ఆగితే కిస్తీ ఎలా అన్న బాధ నాకు తెలియనిది కాదు. నా మెకానిక్ షెడ్డుకు వచ్చేవాళ్ళలో సగం మంది నీలాంటి డ్రైవర్లే. అందుకే మూడు వారాలు నిజంగా ఆగాలా, లేక ఒకటి రెండు రోజుల్లో తేలిపోయే పనా అన్నది కనుక్కునే దారి కూడా చెప్తాను. అది తేలేదాకా మాత్రం క్యాబ్ యాప్‌లో లాగిన్ అవ్వకు.

ఎందుకింత గట్టిగా చెప్తున్నానంటే, నీ బండిలో లోపం వస్తూ పోతూ ఉంది. స్టీరింగ్ ఎప్పుడూ బరువుగానే ఉంటే మనిషి దానికి తగ్గట్టు నడుపుతాడు, లేదా విసుగొచ్చి బండి పక్కన పెడతాడు. నాలుగు రోజులు బాగుండి ఐదో రోజు మలుపు మధ్యలో చెయ్యిచ్చేదే ప్రాణం మీదికి తెస్తుంది. నీ చేతులకు తేలికగా తిరిగే స్టీరింగ్ చక్రం అలవాటు. ఆ అలవాటు బలంతోనే మలుపు మొదలుపెడతావు. మధ్యలో స్టీరింగ్‌కు సాయం చేసే చిన్న మోటారు ఆగితే చక్రం అక్కడే మొరాయిస్తుంది, బండి మలుపు సరిపోక పక్క వరుసలోకి జారుతుంది. నువ్వు తేరుకుని రెండు చేతులా బలం పెట్టేలోపు కనీసం ఒక సెకను పోతుంది. గంటకు 40 కిలోమీటర్ల వేగంలో ఒక సెకనులో బండి 11 మీటర్లు పోతుంది. హెబ్బాళ దిగే చోట రాత్రి వానలో ఆ 11 మీటర్లలో ఏముంటుందో నాకన్నా నీకే బాగా తెలుసు. ఇంకోటి కూడా ఉంది. వోల్టేజి తగ్గి ఆగిన మోటారైతే, నువ్వు బలమంతా పెట్టి తిప్పుతున్నప్పుడే తిరిగి అందుకోవచ్చు. అప్పుడు చక్రం నువ్వు అనుకున్న దానికన్నా ఎక్కువ తిరిగిపోతుంది. రీస్టార్ట్ చేస్తే పోయిందంటే లోపం పోయినట్టు కాదు. కంప్యూటర్ మళ్ళీ మొదటి నుంచి లెక్క మొదలుపెట్టింది, అంతే.

మీ నాయన మాట కొట్టిపారేయను. పవర్ స్టీరింగ్ లేని లారీని ముప్పై ఏళ్లు తోలిన మనిషి భుజాలంటే నాకు గౌరవం. కానీ ఆయన తోలిన బండిని చేత్తో తిప్పడానికే కట్టారు. చక్రం పెద్దది, గేరు నెమ్మదిది. ఈ కొస నుంచి ఆ కొసకు పోవాలంటే చాలా చుట్లు తిప్పాలి కాబట్టి ఒక్కో చుట్టులో చేతి మీద పడే బరువు తగ్గుతుంది. మారుతి 800 కూడా పవర్ స్టీరింగ్ లేకుండానే నడిచింది, కానీ దాని బరువు 650 కిలోల చుట్టుపక్కలే. బ్యాటరీ ప్యాకుతో కలిపి నీ బండి దానికి దాదాపు రెండింతలు. చక్రం చిన్నది, గేరు చురుకైనది, పక్కన మోటారు తోడుంటుందన్న లెక్కతో చేసింది. ఆ మోటారు ఆగితే తోడు పోవడం ఒక్కటే కాదు, ఆగిన మోటారునూ దాని పళ్ళ చక్రాన్నీ కూడా నీ చేతులే తిప్పాలి. ఈ మాట ఆయనకు నెమ్మదిగా చెప్పు, బండి తెలిసినవాడు కాబట్టి వెంటనే అర్థం చేసుకుంటాడు.

ఎలక్ట్రిక్ కారు కొన్నందుకే ఈ తిప్పలు అని కూడా మనసులో పెట్టుకోకు. పాత ఇంజను కార్లలో బెల్టుతో తిరిగే పంపు, దాని నూనె ఒత్తిడితో పనిచేసే స్టీరింగ్ ఉండేది. మోటారుతో పనిచేసే స్టీరింగ్ 1988లోనే జపాన్‌లో సుజుకి సెర్వో అనే చిన్న కారులో వచ్చింది. ఇప్పుడు పెట్రోలు కార్లలోనూ ఎక్కువగా ఇదే. నీ చక్రం కింద ఉన్న కడ్డీలో ఒక సన్నని ఉక్కు ముక్క ఉంటుంది. నువ్వు తిప్పగానే అది వెంట్రుకవాసి మెలి తిరుగుతుంది. టార్క్ సెన్సర్ ఆ మెలికను కొలుస్తుంది, కంప్యూటర్ దాన్నిబట్టి మోటారుకు కరెంటు ఇస్తుంది. చక్రానికీ ముందు టైర్లకూ మధ్య ఉన్న ఇనుప బంధం మాత్రం మోటారు ఆగినా అలాగే ఉంటుంది. ఆ రాత్రి నువ్వు బండిని పక్కకు తేగలిగింది అందుకే.

ఇక అసలు సంగతి. డ్రైవర్లు చాలామంది పొరబడేది ఇక్కడే. కింద పెద్ద ప్యాకు ఉంది, 80 శాతం చార్జి చూపిస్తోంది, కరెంటుకు కొదవేముంది అనుకుంటారు. చాలా కార్లలో స్టీరింగ్ మోటారు ఆ ప్యాకు నుంచి నేరుగా కరెంటు తీసుకోదు. హారను, లైట్లు, వైపర్లు ఏ 12 వోల్టుల లైను మీద బతుకుతాయో ఇదీ దాని మీదే బతుకుతుంది. పెద్ద ప్యాకులోని వందల వోల్టులను దించి ఈ లైనుకు ఇచ్చేది డీసీ-డీసీ కన్వర్టర్, పెట్రోలు కారులో బ్యాటరీని చార్జి చేసే ఆల్టర్నేటర్ లాంటిది. దానికి పక్కబలంగా చిన్న బ్యాటరీ. నిలబడిన బండిలో చక్రాన్ని కొసదాకా తిప్పితే స్టీరింగ్ మోటారు ఒక్కటే 50 ఆంపియర్లు దాటి లాగగలదు. 55 వాట్ల హాలోజన్ హెడ్‌లైట్ బల్బు తీసుకునేది నాలుగున్నర ఆంపియర్లు. అలాంటివి పది పైగా ఒక్కసారిగా వేసినట్టు.

పెట్రోలు బండిలో బ్యాటరీ బలహీనపడితే పొద్దున్నే సెల్ఫ్ మూలుగుతుంది, మనకు ముందే తెలుస్తుంది. ఎలక్ట్రిక్ కారులో మూలగడానికి సెల్ఫే లేదు. కంప్యూటర్లను లేపడానికి, పెద్ద ప్యాకును కలిపే కాంటాక్టర్లనే స్విచ్చులు పడడానికి కొద్ది కరెంటు చాలు. సగం చచ్చిన బ్యాటరీతోనూ బండి "రెడీ" అంటుంది. ఆ బలహీనత ఒక్కోసారి మొదట బయటపడేది స్టీరింగ్ లాంటి పెద్ద లాగుడు దగ్గరే.

మూడేళ్ల కిందట హిందూపురం కుర్రాడు ఒకడు ఇలాగే వచ్చాడు, క్యాబే. అతనికీ కాలమ్ మార్చాలని చెప్పారు. బ్యాటరీ కొత్తది అప్పటికే వేయించాడు, లోపం పోలేదు. బండి రెడీలో పెట్టించి బ్యాటరీ మీద మీటరు పెడితే 13.9 వోల్టులు. చక్రం ఈ కొస నుంచి ఆ కొసకు తిప్పమన్నాను, 13.6. రెండూ బాగున్నాయి. చాలాచోట్ల ఇక్కడితో ఆపేసి, కరెంటు బాగుంది కాబట్టి కాలమే పోయింది అని రాసేస్తారు. నేను మీటరు ఒక పుల్లను బ్యాటరీ నెగెటివ్ మీద ఉంచి, పొడుగు వైరు కట్టిన రెండో పుల్లను స్టీరింగ్ యూనిట్ ఎర్త్ పిన్ను మీద పెట్టాను. చక్రం కదలనప్పుడు దాదాపు సున్న. తిప్పమన్నాను. 0.6, 1.9, కొస దగ్గరికి వచ్చేసరికి 4 దాటింది, డాష్‌బోర్డులో ఎర్ర గుర్తు వెలిగింది. 13.6 వోల్టుల్లో నాలుగు దారిలోనే పోతున్నాయి.

ఎర్త్ వైరు పట్టుకుని వెళ్తే డ్రైవర్ కాలి పక్కన కార్పెట్ కింద ఒక బోల్టు. కార్పెట్ ఎత్తగానే తడి వాసన. ఏసీ నీళ్ళు బయటికి పోయే పైపు మట్టితో మూసుకుపోయి, నీళ్ళు నెలల తరబడి లోపలికే కారాయి. రోజుకు పన్నెండు గంటలు ఏసీ నడిచే క్యాబ్ మరి. బోల్టు పైకి మామూలుగానే ఉంది, వేలు పెడితే వేడి తగిలింది. విప్పితే వైరు కొసన ఉండే లగ్గు కింద తెల్లగా, పచ్చగా పిండి, బాడీ ఇనుము మీద తుప్పు పొర. ఎమరీ కాగితంతో ఇనుము మెరిసేదాకా రుద్ది, కొత్త లగ్గు వేసి బిగించి, పైన గ్రీజు పూసి, ఏసీ పైపు శుభ్రం చేశాం. మళ్ళీ తిప్పితే 0.1. ఆ కుర్రాడు చాలాసేపు చక్రాన్ని ఊరికే అటూ ఇటూ తిప్పుతూ కూర్చున్నాడు.

నీదీ ఇదే లోపమని చెప్పడం లేదు, తమ్ముడూ. చూడకుండా అలా చెప్పకూడదు. కానీ నీ ఉత్తరంలో రెండు చోట్ల నా చూపు ఆగింది. ఒకటి బేస్‌మెంట్ ర్యాంపు. అక్కడ వేగం తక్కువ, చక్రం తిప్పుడు ఎక్కువ, మోటారు లాగుడు ఎక్కువ. రెండోది వాన రాత్రి. స్టీరింగ్‌లోకి నీళ్ళు దిగాయి అంటారు అందరూ. నీకు కాలమ్ మార్చాలన్నారంటే మోటారు కాలమ్ మీదే, అంటే క్యాబిన్ లోపల డాష్‌బోర్డు కింద ఉన్నట్టు. రోడ్డు నీళ్ళు అక్కడికి ఎక్కవు. మోటారు కింద, ముందు టైర్లను తిప్పే ర్యాక్ మీద ఉండే బండ్లకైతే ఆ అనుమానం సరైనదే. వాన రాత్రి ఇంకేం జరుగుతుందో చూడు: హెడ్‌లైట్లు, వైపర్లు, అద్దం మీద ఆవిరి పోవడానికి బ్లోయర్ ఫుల్లు, వెనకద్దం హీటర్, ప్యాసింజర్ ఫోను, నీ ఫోను. 12 వోల్టుల లైను మీద అన్నీ ఒకేసారి పడతాయి. రెండు చోట్లా ఎక్కువ కరెంటు అడిగినప్పుడే స్టీరింగ్ పోయింది. కాబట్టి నేనైతే ముందు కరెంటు వచ్చే దారిని అనుమానిస్తాను, కాలమ్‌ను ఆ తర్వాత.

అలాగని బయటి మెకానిక్ చెప్పిందే నిజమని బ్యాటరీ కొనేయకు. కొలవకుండా బ్యాటరీ మార్చడమూ, కొలవకుండా కాలమ్ మార్చడమూ రెండూ నీ జేబుతో ఆడుకోవడమే. మంచి ఆటో ఎలక్ట్రీషియన్‌కు అరపూట పని ఇది. రాత్రంతా బండి ఆఫ్‌లో ఉంచి పొద్దున్నే తలుపు తీసిన కాసేపటికి కాకుండా, బండిలోని కంప్యూటర్లన్నీ నిద్రపోయాక బ్యాటరీ మీద చూస్తే 12.6 దగ్గర ఉండాలి. 12.2 కన్నా దిగితే బ్యాటరీ మీద అనుమానం పడాలి, లోడ్ టెస్టు చేయించాలి. రెడీలో 13.5 నుంచి 14.5 మధ్య ఉండాలి. కొన్ని బండ్లలో బ్యాటరీ నిండాక కన్వర్టర్ తనంతట తానే కాస్త తగ్గిస్తుంది, అందుకని ఊరికే చూడకుండా హెడ్‌లైట్లు, బ్లోయర్ వేసి, చక్రం తిప్పుతూ చూడమను. అప్పుడు కూడా 13 కిందికి జారిపోతుంటే కన్వర్టర్ సంగతి చూడాలి. ఎర్త్ దారిలో, పాజిటివ్ దారిలో విడివిడిగా ఎంత పోతోందో చక్రం తిప్పుతూనే కొలవాలి. 0.2 లోపు ఉంటే మంచిది, అర వోల్టు దాటితే ఆ దారిలో ఎక్కడో తుప్పో, వదులు బోల్టో, కాలిన ఫ్యూజు కాళ్ళో ఉన్నట్టే. రెండున్నరేళ్లు రోజంతా తిరిగిన క్యాబ్‌కు బ్యాటరీ నీరసపడటం వింత కాదు, కానీ ఆ మాట మీటరు చెప్పాలి.

ఒక్క హెచ్చరిక. ఆరెంజ్ రంగు తొడుగు ఉన్న వైర్ల జోలికి ఆ ఎలక్ట్రీషియన్ పోకూడదు, నువ్వూ పోకూడదు. కన్వర్టర్ విప్పే పని కంపెనీ శిక్షణ ఉన్నవాళ్ళది. అక్కడ షాకు కొడితే మనిషి మిగలడు. 12 వోల్టుల వైపు వరకే మన పని.

సర్వీస్ సెంటర్ దగ్గర ఒకటే అడుగు: స్కానింగ్‌లో పడిన లోపం కోడ్లన్నీ ప్రింటు ఇవ్వమను, ఒక్కో కోడు పడిన క్షణంలో వోల్టేజి ఎంతుందో కూడా. ఆ వివరాన్ని వాళ్ళు ఫ్రీజ్ ఫ్రేమ్ అంటారు, చాలా యూనిట్లు దాన్ని దాచుకుంటాయి. ఈలోపు బయట ఎవరూ కోడ్లు చెరిపేయకుండా చూసుకో, అదే నీ సాక్ష్యం. సప్లై వోల్టేజి తక్కువ అన్న కోడు ఉంటే కాలమ్‌కు 74,000 పెట్టడం తొందరపాటు. టార్క్ సెన్సర్ కోడు ఉండి, కనెక్టరు విప్పి శుభ్రంగా బిగించాక కూడా మళ్ళీ మళ్ళీ అదే వస్తుంటే, కాలమ్ నిజంగానే పోయింది. చాలా బండ్లకు ఆ సెన్సర్‌ను విడిగా అమ్మరు, మొత్తం అసెంబ్లీనే మార్చాలి. అప్పుడు వాళ్ళు చెప్పింది నిజమే అవుతుంది, మనం ఒప్పుకోవాలి. బండి చాసిస్ నంబరుకు స్టీరింగ్ సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ ఏదైనా పెండింగ్ ఉందేమో కూడా అక్కడే చూడమను.

ఎర్ర గుర్తు లేకుండా బరువైతే అది వేరే రోగం. ముందు టైర్లలో గాలి, తుప్పుపట్టిన కాలమ్ జాయింటు, పట్టేసిన స్ట్రట్ బేరింగు, ఇలాంటివి. నీకు గుర్తు వెలుగుతోంది కాబట్టి వాటి గురించి ఎక్కువ చెప్పను. గాలి మాత్రం వారానికోసారి చూసుకో. బండి నిలబెట్టి చక్రాన్ని కొసదాకా తిప్పి అక్కడే పట్టుకుని ఉండే అలవాటుంటే మానుకో. బండి కాస్త కదులుతుండగా తిప్పు. కొసన పట్టుకుని ఉండటం పదే పదే చేస్తే మోటారు వేడెక్కి తనను కాపాడుకోవడానికి సాయం తగ్గించుకుంటుంది కూడా.

కాలమ్ మార్చాల్సే వస్తే బెంగళూరులో బండి పార్టులు అమ్మే జేసీ రోడ్డులో సెకండ్ హ్యాండు దొరుకుతుందని ఎవరో ఒకరు తప్పకుండా చెప్తారు. నేనూ ఆ రోడ్డులో ఎన్నో పార్టులు కొన్నాను, అద్దమో డోరో అయితే నేనే వెంట వస్తాను. స్టీరింగ్ కాలమ్‌కు మాత్రం వద్దు. అది చాలావరకు యాక్సిడెంటు బండిలోంచి వచ్చింది అయి ఉంటుంది, ఆ దెబ్బ కడ్డీలో ఎక్కడ దాగిందో కంటికి కనబడదు. పైగా అందులోని కంప్యూటర్ పాత బండికి కోడింగ్ అయి ఉంటుంది. కొత్తదే వేసినా పని బిగించడంతో అయిపోదు. ఎయిర్‌బ్యాగు విప్పి పెట్టాలి కాబట్టి ముందు బ్యాటరీ తీయాలి. బిగించాక స్టీరింగ్ యాంగిల్ సెన్సర్‌కు సున్నా ఎక్కడో నేర్పాలి, వీల్ అలైన్‌మెంట్ చేయాలి. ఇవి చేయకుండా బండి ఇస్తే ఒక పక్కకు లాగుతుంది, ఇంకో వార్నింగ్ లైటు వెలుగుతుంది. బిల్లులో ఈ పనులు రాసి ఉన్నాయో లేదో చూసుకుని డబ్బు కట్టు.

ఇప్పుడు వారంటీ. ఇక్కడ నువ్వు అనుకున్నంత ఓడిపోలేదు. ముందు ఒక అపోహ: బ్యాటరీకి, మోటారుకు 8 ఏళ్లు వారంటీ అని చాలా కంపెనీలు చెప్పేది బండిని నడిపే పెద్ద మోటారు గురించి. స్టీరింగ్ మోటారు దాని కింద రాదు, అది మామూలు బండి వారంటీ కిందే. నీకు అది 1,25,000కు అయిపోయింది. కానీ లోపం మొదట వచ్చింది నాలుగు నెలల కిందట, అంటే నీ తిరుగుడు లెక్కన 1,12,000 దగ్గర. వారంటీ ఉన్నప్పుడే నువ్వు చెప్పావు, వాళ్ళు రీస్టార్ట్ చేయమని పంపేశారు. ఆ రోజు సర్వీస్ సెంటర్ రాసిన జాబ్ కార్డులో "స్టీరింగ్ హార్డ్" అనో, "వార్నింగ్ ల్యాంప్" అనో ఒక్క ముక్క రాసి ఉంటే నీ చేతిలో పెద్ద ఆధారం ఉన్నట్టే. ఇంట్లో కాగితాలన్నీ వెతుకు. దొరక్కపోతే సర్వీస్ హిస్టరీ అడుగు. ఆ రోజు అడ్వైజర్‌కు పెట్టిన వాట్సాప్ మెసేజీ, డాష్‌బోర్డు ఫోటో ఉన్నా పనికొస్తాయి. వాటితో కంపెనీ కస్టమర్ కేర్‌కు ఈమెయిల్ రాయి, ఫోన్‌లో మాట్లాడి వదిలేయకు. లోపం వారంటీలోనే చెప్పాను, సరిచేయలేదు, కాబట్టి ఖర్చు మీదే అని రెండు ముక్కల్లో రాయి. గుడ్‌విల్ కింద, అంటే వారంటీ అయిపోయినా మంచితనంగా, పార్టు ఖర్చు భరించమనీ అడుగు. అడిగితే కొంతైనా తగ్గించడం నేను చూశాను.

అప్పటికీ కదలకపోతే 1915కు ఫోన్ చెయ్. అది జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్, తెలుగులోనే మాట్లాడొచ్చు. దాంతోనూ కాకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్. క్యాబ్ అంటే వ్యాపారం కదా, మాకు ఆ చట్టం వర్తించదు అని డ్రైవర్లు వెనక్కి తగ్గుతారు. 2019 చట్టంలో ఆ సంగతి విడమరచి రాశారు: స్వయం ఉపాధితో జీవనం గడుపుకోవడానికే కొని, తానే వాడుకునే వస్తువు వ్యాపారం లెక్కలోకి రాదు. నువ్వు నీ ఒక్క బండిని నువ్వే నడుపుతున్నావు. డ్రైవర్లను పెట్టి నాలుగు బండ్లు తిప్పేవాడికి ఈ మాట చెప్పలేను. బండి మదనపల్లెలో కొన్నా, తిరుపతిలో కొన్నా ఇబ్బంది లేదు, నువ్వు ఉండే చోట లేదా పనిచేసే చోట, అంటే బెంగళూరులోనే కేసు వేయొచ్చు. బండికి కట్టిన ధర 10 లక్షల నుంచి 20 లక్షల మధ్య అయితే ఫీజు 400 రూపాయలు. లాయరు లేకుండా నువ్వే వాదించుకోవచ్చు. కేసుకు కారణం ఏర్పడిన రోజు నుంచి రెండేళ్లు గడువు.

ఇంకో చట్టం సంగతి కూడా చెప్పాలి, బెదిరించడానికి కాదు. లోపం ఉందని తెలిసీ ప్రమాదకరమైన బండిని రోడ్డెక్కించడం మోటారు వాహన చట్టం 190వ సెక్షన్ కింద నేరం. సర్వీస్ సెంటర్ కాలమ్ మార్చాలని చెప్పింది కాబట్టి, నాకు తెలియదు అనడానికి ఇక లేదు. ఏదైనా జరిగితే ఆ మాటే నీకు ఎదురు తిరుగుతుంది.

బండిని ఎలక్ట్రీషియన్ దగ్గరికి తీసుకెళ్ళడానికి కూడా టోయింగ్ పిలువు. ఇన్సూరెన్స్‌లో రోడ్‌సైడ్ అసిస్టెన్స్ ఉందేమో పాలసీ చూడు. ముందు చక్రాలు తిరిగేలా తాడు కట్టి లాక్కెళ్ళనివ్వకు, నాలుగు చక్రాలూ పైన ఉండే ఫ్లాట్‌బెడ్ అడుగు. ఎలక్ట్రిక్ కారు చక్రాలు తిరిగితే దాని మోటారు కరెంటు పుట్టిస్తుంది, లోపల సామాను కాలిపోవచ్చు.

బాగయ్యాక కూడా ఎప్పుడైనా నడుస్తుండగా ఆ ఎర్ర గుర్తు వెలిగితే, కంగారులో స్విచ్ ఆఫ్ చేయకు. రెండు చేతులూ చక్రానికి రెండు పక్కలా గట్టిగా పట్టుకో, యాక్సిలరేటర్ వదిలి మెల్లగా వేగం తగ్గించు, హజార్డ్ లైట్లు వేసి ఎడమకు జరుగు. బండి కదులుతున్నంతసేపు చక్రం కాస్తయినా తిరుగుతుంది, పూర్తిగా ఆగాక తిప్పడమే కష్టం. కాబట్టి ఎక్కడ ఆపాలో ముందే చూసుకుని ఆపు. యూటర్న్ వద్దు. స్టీరింగ్ గుర్తుతో పాటు ఇంకో నాలుగు గుర్తులు వెలిగితే 12 వోల్టుల లైనే పడిపోతోందని అర్థం. ఎలక్ట్రిక్ కారులో బ్రేకుకు బలమిచ్చే బూస్టరుకూ కరెంటు ఆ లైను నుంచే వస్తుంది. పెడల్ గట్టిపడితే భయపడి కాలు తీయకు, శక్తంతా పెట్టి తొక్కు, బ్రేకు పడుతుంది. ఇంటికి దగ్గరే కదా, వెళ్ళిపోదాం అనుకోకుండా మొదట దొరికిన చోటే ఆపెయ్.

ఆ ముసలి దంపతులను క్షేమంగా దించావు. ఆ వానలో నీ చేతులు ఎంత వణికి ఉంటాయో ఊహించగలను. మళ్ళీ ఎవరినీ అలాంటి చోట కూర్చోబెట్టకు.

నీ భార్యను, బిడ్డను తీసుకొచ్చే సంగతికి వస్తే, అప్పటికి లోపం దొరికి, సరిచేశాక నువ్వు ఒక్కడివే ఖాళీ బండితో నాలుగైదు రోజులు తిప్పి చూసి ఉంటేనే ఆ బండి తీసుకెళ్ళు. వాన పడ్డ రాత్రి, బేస్‌మెంట్ ర్యాంపు, రెండూ అందులో ఉండాలి. అంత టైము లేకపోతే హొసకోట, చింతామణి మీదుగా నూట ఇరవై కిలోమీటర్లే కదా, స్నేహితుడి బండి అడుగు, లేదంటే బస్సులో వెళ్ళి బిడ్డను ఒళ్ళో పెట్టుకుని రా. స్కానింగ్ ప్రింటు చేతికి రాగానే ఫోటో తీసి నాకు పంపు, జాబ్ కార్డు దొరికితే అది కూడా. ఏ కోడు పడిందో చూసి కాలమ్‌కు డబ్బు కట్టాలో వద్దో చెప్తాను.